సీడా ఒప్పందం: సంతకం పెట్టాం సరే, ఇంటి దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగిపోయాం?

గుమ్మం_లోపల
ఒక విషయం ఎంత ఆలోచించినా మింగుడుపడక అడుగుతున్నా. మహిళలపై అన్ని రకాల వివక్షల నిర్మూలన ఒప్పందం, అదే సీడా, ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబరు 18న ఆమోదించింది. మన దేశం 1980లో సంతకం చేసి, 1993 జులై 9న ధ్రువీకరించింది. ధ్రువీకరిస్తూనే రెండు డిక్లరేషన్లు తగిలించారు. ఆడ, మగ అనే తేడాతో ఒకరిని తక్కువ చేసే ఆచారాలు మార్చాలనేది ఒప్పందంలో 5(ఎ) అధికరణం. పెళ్ళి, కుటుంబ విషయాల్లో సమాన హక్కులు 16(1). ఈ రెండింటి మీదా మనవాళ్ళు చెప్పింది ఇదీ: ఏ సామాజిక వర్గం వ్యక్తిగత వ్యవహారాల్లోనూ ఆ వర్గం చొరవ, సమ్మతి లేకుండా మేం జోక్యం చేసుకోం, దానికి లోబడే అమలు చేస్తాం. పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలన్న 16(2)కేమో, సూత్రంగా సరేగానీ ఇన్ని ఆచారాలు, మతాలు, చదువులో ఇన్ని తేడాలున్న ఇంత పెద్ద దేశంలో కుదరదు అన్నారు.

ఆఫీసులో సమానత్వం ఓకే, బడిలో ఓకే, ఓటులో ఓకే. ఇంట్లోకి వచ్చేసరికి "వాళ్ళ ఇష్టం". అసలు గొడవంతా ఉండేది ఇంట్లోనే కదండీ? ముప్పయ్యేళ్ళు దాటింది, ఏ పార్టీ వచ్చినా ఆ డిక్లరేషన్లను వెనక్కి తీసుకోలేదు. దీని వెనక గట్టి కారణం ఏదైనా ఉందా, లేక ఓట్ల లెక్కేనా?

పెన్షనర్_మూర్తి
ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకోమ్మా. 1992 డిసెంబరులో బాబ్రీ కూలింది. ఏడు నెలలకే ఈ ధ్రువీకరణ. పి.వి. గారిది మెజారిటీ లేని ప్రభుత్వం, అదే జులై నెలాఖరులో అవిశ్వాస తీర్మానం గండం గట్టెక్కింది. అంతకు ముందు 1985లో విడాకులైన ముస్లిం మహిళకు మనోవర్తి ఇవ్వాలన్న షాబానో తీర్పు, మరుసటి ఏడాదే, 1986లో, దాన్ని నీరుగార్చే చట్టం. అలాంటి వేళ "పర్సనల్ లాలన్నీ (పెళ్ళి, వారసత్వాలకు మతాలవారీగా ఉన్న చట్టాలు) మార్చేస్తాం" అని ఐక్యరాజ్యసమితికి రాసిచ్చే ధైర్యం ఎవరికుంటుంది? నా ఉద్దేశంలో ఆ డిక్లరేషన్ పెట్టబట్టే కనీసం మిగతా ఒప్పందమైనా మనకు దక్కింది.

గ్రూప్1_గోల
మెయిన్స్‌కి పనికొచ్చే చర్చ. ఆపకండి, నోట్సు రాసుకుంటున్నా.

తుంగభద్ర
మూర్తి గారు చెప్పిన రాజకీయం నిజమే. నాకు అడ్డుపడేది "ఆ వర్గం చొరవ, సమ్మతి" అన్న మాట. ఎవరిని అడుగుతారు? వర్గం అంటే ఎవరు? మసీదు కమిటీలో, కుల సంఘంలో, దేవస్థానం బోర్డులో కూర్చునేది ఎవరో మనకు తెలీదా? ఆ వర్గంలో సగం మంది ఆడవాళ్ళు. వాళ్ళ సమ్మతి ఎవరూ అడగలేదు. నష్టం చేస్తున్నవాళ్ళ అనుమతి తీసుకుని నష్టపోతున్నవాళ్ళకు హక్కులిస్తాం అన్నట్టుంది.

పోనీ ఆ విధానమైనా ఖచ్చితంగా పాటించారా? 1955, 56ల్లో హిందూ చట్టాలు మార్చినప్పుడు వర్గ పెద్దలు సంతోషంగా ఒప్పుకున్నారా? హిందూ కోడ్ బిల్లు ఆగిపోయిందనే కదా అంబేద్కర్ 1951లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. 2019లో ట్రిపుల్ తలాక్ మీద చట్టం చేసేటప్పుడు ఏ బోర్డు సమ్మతి తీసుకున్నారు? కావాలనుకున్నప్పుడు జోక్యం చేసుకుంటారు, వద్దనుకున్నప్పుడు డిక్లరేషన్ చూపిస్తారు.

మౌనముని
తుంగభద్ర అక్క ఫామ్‌లో ఉంది 🔥

డల్లాస్_బావ
వేరే కోణం చెప్తా. నేనుండే అమెరికా 1980 జులైలో కార్టర్ హయాంలో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. సెనెట్ విదేశీ వ్యవహారాల కమిటీ 1994లో ఒకసారి, 2002లో ఒకసారి సరేనంది. సభ ముందుకు ఓటింగ్‌కి ఒక్కసారీ రాలేదు. మూడింట రెండొంతులు, అంటే 67 ఓట్లు కావాలి. ఒప్పందంలో లేని దేశాలు ఇరాన్, సోమాలియా, సూడాన్, పలావ్, టోంగా, మేమూ. 189 దేశాలు చేరాయి. అయినా ఇక్కడ ఆడవాళ్ళు బాగానే ఉన్నారు కదా. అంటే ఈ కాగితం వల్ల ఒరిగేదేంటి?

కందిపొడి_కామాక్షి
బావగారూ, మీ ఆవిడకి కాన్పు సెలవు ఎన్ని వారాలిచ్చారు?

డల్లాస్_బావ
12 వారాలు. జీతం లేకుండా 😐 అదీ కంపెనీలో 50 మంది ఉండబట్టి.

కందిపొడి_కామాక్షి
మా చెల్లికి ఇక్కడ 26 వారాలు, జీతంతో. ఒరిగేదేంటో ఇంట్లో అడగండి.

డల్లాస్_బావ
ఇంట్లో అడిగితే ఈ థ్రెడ్‌కి తిరిగి రాను.

నల్లకోటు
కామాక్షి గారు, పాయింటు బాగుంది కానీ 26 వారాలు సీడా పుణ్యం అనలేం. మన ప్రసూతి చట్టం 1961 నాటిది, 2017 సవరణతో 26 అయింది, మొదటి ఇద్దరు పిల్లల వరకు. సీడా నేరుగా పనికొచ్చిన చోటు వేరే ఉంది, అది చెప్తా.

రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయిన ఒక ప్రభుత్వ గ్రామ కార్యకర్తపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ నేపథ్యంలో మహిళా సంఘాలు వేసిన పిటిషనే విశాఖ కేసు (విశాఖ అంటే ఊరు కాదు, వాటిలో ఒక సంఘం పేరు). పని చేసే చోట లైంగిక వేధింపుల మీద అప్పటికి మనకు చట్టమే లేదు. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టులో జస్టిస్ వర్మ ధర్మాసనం ఏం చేసిందంటే, దేశీయ చట్టం లేనప్పుడు, రాజ్యాంగానికి విరుద్ధం కానంతవరకు, మనం ఒప్పుకున్న అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆధారం చేసుకోవచ్చంది. సీడాలోని ఉద్యోగ సమానత్వ నిబంధన ఎత్తి చూపి మార్గదర్శకాలు రాసింది. పదహారేళ్ళ పాటు అవే చట్టంలా నడిచాయి. 2013లో అసలు చట్టం వచ్చింది. ఇవాళ మీ ఆఫీసులో అంతర్గత కమిటీ ఉందంటే దాని వేరు అక్కడుంది.

1999లో ఇంకో కేసు. పిల్లాడి పేరు మీద బాండ్లు కొనడానికి తల్లి సంతకం చాలదు, తండ్రి సంతకం కావాలన్నారు. సుప్రీంకోర్టు సంరక్షకత్వ చట్టాన్ని తల్లికి అనుకూలంగా అన్వయించింది, అక్కడా సీడా ప్రస్తావన ఉంది. గమనించండి, అది కుటుంబ చట్టం. డిక్లరేషన్ ఉన్నా కోర్టు ఆగలేదు.

పెన్షనర్_మూర్తి
నేననేది అదే. మన కోర్టులు చాలవా? విదేశాంగ సర్వీసులో తొలి మహిళ సి.బి. ముత్తమ్మ కేసు చూడండి. ఆడ ఆఫీసరు పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి రాసి తీసుకోవాలట! పెళ్ళయ్యాక సంసారం వల్ల పని దెబ్బతింటోందనిపిస్తే రాజీనామా చేయమనొచ్చట! 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ రూల్స్‌ను ఏకిపారేశారు. అప్పటికి సీడా పుట్టనే లేదు. మన రాజ్యాంగంలోని సమానత్వ హక్కులు, 14, 15, 16 అధికరణాలే సరిపోయాయి.

తుంగభద్ర
సరిపోతే రెండేళ్ళకే ఎయిరిండియా కేసులో అలా ఎందుకైంది మాస్టారూ? 1981. తొలి గర్భంతో ఉద్యోగం తీసేయడం తప్పు అన్నారు, సంతోషం. కానీ చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే ఇంటికే అన్న రూల్ సమంజసం అన్నారు. ఎయిర్‌హోస్టెస్‌లు, మగ పర్సర్లు వేర్వేరు కేడర్లట, కాబట్టి పోలికే లేదట. మగవాళ్ళకు ఎక్కువ వయసు దాకా ఉద్యోగం, వీళ్ళకు ముందే రిటైర్మెంట్.

సీడా మొదటి అధికరణం తెచ్చిన తేడా ఇక్కడే. ఉద్దేశం వివక్ష కాకపోయినా, ఫలితం వివక్ష అయితే చాలు. రెండో తేడా, మన 15(1) ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. సీడా అయితే వ్యక్తులు, సంస్థలు, కంపెనీలు ఎవరు చేసినా ఆపే బాధ్యత ప్రభుత్వానిదే అంటుంది. మనకు కోర్టు ఉంది, ఒప్పందం ఎందుకనేవాళ్ళు ఈ రెండూ చూడాలి.

సూటిగా_సుబ్బడు
అన్నీ ఆడవాళ్ళకే. వరకట్న వేధింపుల 498ఎ సెక్షన్ కింద మా బాబాయి కొడుకు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి చివరికి నిర్దోషి అన్నారు. వాడి కెరీర్ పోయింది. ఈ విదేశీ ఒప్పందాల వల్లే ఇలాంటి చట్టాలు నెత్తినెక్కాయి. ఇంకా డిక్లరేషన్ కూడా తీసేస్తే ఇక మగాడు పెళ్ళి చేసుకోవడమే మానేయాలి.

నల్లకోటు
సుబ్బడు గారు, మీవాడికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ 498ఎ వచ్చింది 1983లో. మనం సీడా ధ్రువీకరించడానికి పదేళ్ళ ముందు. వరకట్న చావులు చూసి మన పార్లమెంటు చేసుకున్న చట్టం అది. అనవసర అరెస్టులకు కళ్ళెం వేసింది కూడా మన సుప్రీంకోర్టే, 2014 అర్నేష్ కుమార్ తీర్పు. ఐక్యరాజ్యసమితికి ఇందులో పాత్ర లేదు.

సీడా ప్రభావం కాగితం మీద కనబడేది 2005 గృహహింస చట్టంలో. దాని ఉద్దేశాల ప్రకటనలోనే, ఒప్పందం అమలును చూసే సీడా కమిటీ 1989 నాటి 12వ సిఫార్సు పేరెత్తి రాశారు.

సూటిగా_సుబ్బడు
అదీ ఆడవాళ్ళకే కదా. నా మాట మీద నేనున్నా.

మిరపకాయ్_బజ్జి
పెళ్ళి మానేస్తానన్నారు, మరి పోయిన నెల ఇంకో థ్రెడ్‌లో ఏ మ్యాట్రిమోనీ సైటు మంచిదని అడిగింది మీరు కాదా సుబ్బన్నా 🤭

మోడరేటర్
పాత థ్రెడ్లు తవ్వడం ఆపి విషయం మీద ఉండండి.

నైట్‌షిఫ్ట్
నల్లకోటు గారు విశాఖ గురించి చెప్పారు. కింది స్థాయిలో ఎలా ఉంటుందో నేను చెప్తా. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండదు. జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళాలి. నేను పనిచేసిన చిన్న షోరూంలో ఆరుగురమే. ఓనరు తమ్ముడితో ఇబ్బంది. కలెక్టరేట్‌కి వెళ్తే అసలు ఆ కమిటీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఒక మెట్ల కింద గోడకి లామినేషన్ చేసిన కాగితం ఉంది, సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు. లామినేషన్ లోపలికి నీళ్ళు దిగి సగం నంబర్లు సిరాముద్దలై ఉన్నాయి. చదవగలిగిన ఒక్క నంబరుకి చేస్తే "నేను బదిలీ అయిపోయానమ్మా" అన్నారు. ఫిర్యాదుకి మూడు నెలలే గడువు. నేను ఉద్యోగం మానేశా.

ఒప్పందం, తీర్పు, చట్టం అన్నీ ఉన్నాయి. నాకు అందింది తడిసిన కాగితం. డిక్లరేషన్ తీసేసినా, పెట్టినా నాలాంటిదానికి తేడా ఏంటో ఎవరైనా చెప్పండి. వెటకారం కాదు, నిజంగా అడుగుతున్నా.

గుమ్మం_లోపల
నైట్‌షిఫ్ట్, చదువుతుంటే కోపమొచ్చింది. దీనికి జవాబు నా దగ్గర లేదు.

తుంగభద్ర
జవాబులో కొంత భాగం సీడాకు అనుబంధమైన ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో ఉంది. 1999లో వచ్చింది, మనం ఇప్పటికీ చేరలేదు. చేరిన దేశంలో అయితే, దేశంలోని దారులన్నీ వెతికి న్యాయం దొరకని మహిళ నేరుగా సీడా కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. 23 మంది నిపుణుల కమిటీ అది. హంగేరీలో ఒకామెను సహజీవనం చేసిన మగాడు ఏళ్ళపాటు కొట్టాడు. ఇంట్లో వాడికీ ఆస్తి హక్కు ఉందని కోర్టు వాణ్ణి లోపలికి రానివ్వాల్సిందేనంది. వాణ్ణి దూరంగా ఉంచే రక్షణ ఉత్తర్వు అనేదే అప్పటి వాళ్ళ చట్టంలో లేదు. 2005లో కమిటీ తప్పు హంగేరీ ప్రభుత్వానిదేనని చెప్పి, ఆమెకు పరిహారం ఇవ్వమంది, చట్టం మార్చమంది.

నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్, మాల్దీవులు చేరాయి. మనం, పాకిస్తాన్ బయటున్నాం.

పెన్షనర్_మూర్తి
బంగ్లాదేశ్ చేరేటప్పుడు విచారణ జరిపే అధికారం మాత్రం కమిటీకి ఇవ్వనంది, అదీ చెప్పు తల్లీ. పైగా అసలు ఒప్పందంలో కీలకమైన 2వ అధికరణం మీదే వాళ్ళు మినహాయింపు పెట్టారు. చేరినంత మాత్రాన పతివ్రతలు అయిపోరు. కమిటీ చెప్పింది అమలు చేయించడానికి పోలీసులూ లేరు, జప్తులూ లేవు. మన సార్వభౌమత్వాన్ని ఎందుకు బయటివాళ్ళ ముందు పెట్టాలి? ఇంట్లో గొడవ వీధిలో పెట్టడమే అది.

తుంగభద్ర
"ఇంట్లో గొడవ వీధిలో పెట్టకు". ఈ మాట మీరు అనకుండా ఉండాల్సింది మాస్టారూ. దెబ్బలు తిన్న ప్రతి ఆడపిల్లకీ అత్తింట్లో చెప్పే మొదటి మాట అదే. ప్రభుత్వం కూడా అచ్చం అదే మాట్లాడుతోంది.

మౌనముని
నిశ్శబ్దం 🤐

పెన్షనర్_మూర్తి
నేను దేశాల సంగతి మాట్లాడాను, సంసారాల సంగతి కాదు. అయినా సరే, ఒక్కటి అడుగుతా. వైవాహిక అత్యాచారం విషయం తీసుకో. 2013లో ప్రభుత్వం వేసిన వర్మ కమిటీ, భర్త చేస్తే అత్యాచారం కాదన్న మినహాయింపు తీసేయమంది. 2014లో సీడా కమిటీ కూడా అదే చెప్పింది. వినలేదు. కొత్త న్యాయసంహితలో 63వ సెక్షన్ కింద అదే మినహాయింపు మళ్ళీ రాశారు. 2024 అక్టోబరులో కేంద్రం సుప్రీంకోర్టులో దాన్ని సమర్థిస్తూ అఫిడవిట్ వేసింది. సొంత కమిటీ మాటే వినని ప్రభుత్వం బయటి కమిటీ మాట వింటుందా? ప్రోటోకాల్‌లో చేరినా దస్త్రాల బరువు పెరుగుతుందంతే.

నల్లకోటు
బరువు పెరగాలనే కదా సార్. ఇప్పుడు నాలుగేళ్ళకోసారి నివేదిక ఇచ్చే బాధ్యత మాత్రమే ఉంది. అదైనా సమయానికి ఇచ్చామా? మొదటి నివేదిక పరిశీలనకు వచ్చింది 2000లో, తర్వాత 2007, ఆ తర్వాత 2014. ఒక్కో మహిళ కేసుకి పేరు, తేదీ, జవాబు చెప్పాల్సి వస్తే కేంద్రానికి కలెక్టరేట్ మెట్ల కింది కాగితం కూడా గుర్తొస్తుంది.

రాజ్యాంగపరంగా అడ్డేమీ లేదు. అంతర్జాతీయ ఒప్పందాలను గౌరవించాలని 51(సి), వాటి అమలుకు రాష్ట్ర జాబితాలోని విషయం మీదైనా పార్లమెంటు చట్టం చేయొచ్చని 253 చెప్తున్నాయి.

గ్రూప్1_గోల
253 హైలైట్ చేశా. అన్నా, డిక్లరేషన్ తీసేయాలంటే పార్లమెంటులో ఓటింగ్ కావాలా?

నల్లకోటు
వద్దు. డల్లాస్ బావగారి సెనెట్‌లాగా మనకు 67 ఓట్ల తలనొప్పి లేదు. మన దగ్గర ధ్రువీకరణ కార్యనిర్వాహక వర్గం పని. ఉపసంహరణ కూడా అంతే. ఒప్పందం 28వ అధికరణం ప్రకారం ఐరాస సెక్రటరీ జనరల్‌కి ఒక నోటిఫికేషన్ పంపితే, అది అందిన రోజు నుంచే అమలు. కేబినెట్ అనుకుంటే చాలు.

మిరపకాయ్_బజ్జి
ఒక్క ఉత్తరం ముక్కతో పోయేదానికి ముప్పయ్యేళ్ళా!

డల్లాస్_బావ
అనుకోవడమే కష్టం బజ్జీ. టోంగాలో 2015లో ప్రభుత్వం చేరతామని ప్రకటిస్తే చర్చి వర్గాలు ఊరేగింపులు తీశాయి, ఆగిపోయింది. టర్కీ 2021లో, మహిళలపై హింసను అరికట్టే ఇస్తాంబుల్ ఒప్పందం నుంచి ఏకంగా బయటికే వచ్చేసింది. తన ఊరి పేరున్న ఒప్పందం నుంచి!

గుమ్మం_లోపల
16(2) సంగతైతే ఇంకా వింత. పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ మన దేశంలో కుదరదని ఐరాసకి రాసిచ్చాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2006లో సుప్రీంకోర్టు అన్ని మతాల వాళ్ళకూ తప్పనిసరి చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. కుదరదు అన్నది కుదురుతూనే ఉంది, ఆ కాగితం మాత్రం అలాగే ఉంది.

మిరపకాయ్_బజ్జి
వీసా ఇంటర్వ్యూ ఉంటే తప్ప మనవాళ్ళకు మ్యారేజ్ సర్టిఫికెట్ గుర్తురాదు, అది వేరే విషయం.

నైట్‌షిఫ్ట్
నవ్వులాటకు కాదు గానీ, నా స్నేహితురాలి భర్త అసలు పెళ్ళే జరగలేదన్నాడు. పెళ్ళి ఫోటోలు అత్తింట్లో ఉండిపోయాయి. సర్టిఫికెట్ లేదు. మనోవర్తి కేసులో ముందు పెళ్ళి జరిగిందని నిరూపించుకోవడానికే పురోహితుడి చుట్టూ, ఫంక్షన్ హాల్ రసీదు చుట్టూ తిరిగింది.

కందిపొడి_కామాక్షి
తుంగభద్ర గారు సమ్మతి ఎవరిది అనడిగారు చూడండి, అప్పటినుంచీ మా అమ్మే గుర్తొస్తోంది. అమ్మ పెళ్ళి 1981లో, పిన్ని పెళ్ళి 1988లో. ఎన్టీఆర్ చట్టం ప్రకారం 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకే ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరిలో పిన్నికి ఉంది, అమ్మకి లేదు. 2003లో తాతయ్య పోయాక ఆయన వంతులో అమ్మకీ కొంత వస్తుందని ఎవరో చెప్పారట, వెంటనే మామయ్యలు హక్కు విడుదల దస్తావేజు రాయించారు.

నేను పక్కనే ఉన్నా. దస్తావేజు లేఖరి గబగబా చదివాడు, చివర్న "నా పూర్తి సమ్మతితో, ఎవరి ఒత్తిడీ లేకుండా" అని. అమ్మ వేలిముద్ర వేసేటప్పుడు పెద్ద మామయ్య ఆమె చెయ్యి పట్టుకుని స్టాంపు ప్యాడ్ మీద ఒత్తాడు. అమ్మకి సంతకం చేయడం వచ్చు! తర్వాత పసుపు కుంకుమ, ఒక చీర, పాతికవేలు. పిన్ని సంతకం పెట్టనంది. ఇప్పటికీ పిన్నిని పండగలకు పిలవరు.

తుంగభద్ర
ఇంకేం చెప్పను. 1993 డిక్లరేషన్‌లో సమ్మతి అంటే ఇదే.

సూటిగా_సుబ్బడు
సంతకం వచ్చిన మనిషి చేత వేలిముద్ర వేయించడం మాత్రం దారుణం. ఇది నేనూ ఒప్పుకోను.

మౌనముని
సుబ్బన్న ఒప్పుకున్నాడు, స్క్రీన్‌షాట్ తీయండి.

నల్లకోటు
కామాక్షి గారు, మీ అమ్మగారి పరిస్థితి 2005 తర్వాత మారింది. ఆ ఏడాది సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ వల్ల పెళ్ళయిన కూతురికీ పుట్టుకతోనే సమాన వాటా. తండ్రి అప్పటికే చనిపోయినా ఫర్వాలేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పు తేల్చింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన రిజిస్టరు పంపకాలను, బదలాయింపులను ఆ చట్టం కదపదు. ఆ దస్తావేజు ఎప్పటిది?

కందిపొడి_కామాక్షి
తాతయ్య సంవత్సరీకం అయ్యాక. ఎండాకాలం. 2004 ఎండలా, 2005 ఎండలా అన్నది గుర్తులేదండీ. అమ్మని అడిగితే "ఇప్పుడెందుకే ఆ గొడవ" అంటోంది.

నల్లకోటు
2004 అయితే ఆ చట్టం దారి మూసుకుపోయినట్టే. మోసం జరిగిందని విడిగా పోరాడాలి, గడువు దాటిందని వాళ్ళంటారు. 2005 అయితే వాదించడానికి చోటుంది, గెలుస్తామని మాత్రం ఇప్పుడే చెప్పలేను. ముందు ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి, దస్తావేజు నంబరు అందులో దొరుకుతుంది. దాంతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడగండి.

కందిపొడి_కామాక్షి
సర్వే నంబరు పిన్ని దగ్గర ఉంటుంది. రాత్రికి ఫోన్ చేస్తా.